పదకొండు రోజుల నీళ్ళు

మనిషి పొట్టి. అయినా అందరూ ఆయన్ని కొలబద్ద అనేవారు. నది ఒడ్డున మెట్ల పక్కన అడుగులూ అంగుళాలూ చెక్కిన రాతి స్తంభం ఒకటుంది. దాని పక్కన ముప్ఫై ఒక్క ఏళ్ళు నిలబడేసరికి దాని పేరే ఈయనకి అంటుకుంది. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి అరవైనాలుగు మెట్లు దిగి, నీళ్ళు ఏ గీత దగ్గరున్నాయో చూసి, పైకొచ్చి రిజిస్టరులో రాయాలి. అదే ఉద్యోగం. దీనికి ఒక నిండు మనిషి అవసరమా అని నేను వెళ్ళిన మొదటి రోజే అడిగాను.

"మనిషి వద్దంటే కొంగని పెట్టుకోవాలండీ. అదీ రోజంతా నీళ్ళవంకే చూస్తుంది. కానీ దానికి అంకెలు రావు" అన్నాడు.

నేను అక్కడికి వెళ్ళింది ఆ మెట్లపైనున్న పాత గుడి కోసం. ఒకచోట మూడు రోజులు దాటితే నాకు అరికాళ్ళు దురద పెడతాయి. రెండు రోజులు ఉందామనుకున్నవాణ్ణి దగ్గర దగ్గర రెండు నెలలు ఉండిపోయాను. కొలతల ఆఫీసు మేడమీద ఒక గది ఖాళీగా ఉంది, దాని కిటికీ నదిలోకి తెరుచుకుంటుంది. కారణం అదేనని చాలా రోజులు అనుకున్నాను.

పాత గుళ్ళ గురించి పుస్తకాలు చాలా చదివాను. రాయి ఎక్కణ్ణించి తెచ్చారో, శిల్పి ఉలి ఎటు తిప్పాడో, ఏ రాజు ఎవరిమీద గెలిచి కట్టాడో అన్నీ రాస్తారు. ఆ గుడి పక్కన కాపురమున్న మనిషికి మధ్యాహ్నం పూట ఎలా గడుస్తుందో మాత్రం ఒక్కరూ రాయరు. నది పెరుగుదల చూసి ఆ ఏడు పన్ను ఎంతో నిర్ణయించిన రాజ్యాలు పూర్వం ఉండేవట. అలాంటి చోట మన కొలబద్ద పుట్టి ఉంటే ఏనుగెక్కి తిరిగేవాడు. ఇక్కడ ఆయన రాసిన కాగితాలు నెలకొకసారి పెద్దాఫీసుకి పోతాయి. వాటికి జవాబు రాదు.

ఆఫీసు అంటే కింద ఒక గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, చెక్క బీరువాలో గుడ్డ వీపు కుట్టిన ముప్ఫై ఒక్క రిజిస్టర్లు. గోడ గడియారం నాలుగు నిమిషాలు ముందు నడుస్తుంది. దాన్ని సరిచేయడు, నాలుగు తీసేసి చదువుకుంటాడు. తెర వెనక ఒక మంచం. ఇంకో మంచం మడిచి గోడకి ఆనించి ఉంటుంది. దాని మీద గొడుగు, తువ్వాళ్ళు ఆరేస్తాడు. భార్య పోయి తొమ్మిదేళ్ళు. ఆవిడ ఉన్నరోజుల్లో ఈయన కింది మెట్టు మీంచి అంకె కేక వేస్తే, ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని రాసేదట. ఇప్పుడు పైకొచ్చేలోగా మర్చిపోకుండా ఆ అంకెని గొణుక్కుంటూ ఎక్కుతాడు. "ఏడు మూడు, ఏడు మూడు" అంటూ ముసలి గొంతు మెట్లెక్కి రావడం రోజుకి మూడుసార్లు వినేవాణ్ణి. నేను పై కిటికీలో ఉన్నప్పుడు ఒకసారి ఆశగా తలెత్తి చూశాడు. నాకు అర్థమై కలం తీసేలోపు తల దించేసుకున్నాడు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క గడి ఖాళీ లేదు, చూసుకోండి" అని బీరువా తలుపు తీసి చూపించడం ఆయనకి ఒక ముచ్చట. పిల్లలు లేరు. చూపించడానికి ఇవే ఉన్నాయి.

ఆయనతో మాట్లాడే ప్రాణి ఒక్కటే, బావమరిది. ఆవిడ తమ్ముడు. రేవులో పడవ నడుపుతాడు. అవతలి ఒడ్డున పట్నం, ఆస్పత్రి, బజారు. ఇవతల ఈ గుడి, ఆఫీసు, రేవు, ఓ ముప్ఫై గడప. మధ్యాహ్నం పడవ కట్టేసి, గుమ్మానికి ఆనుకుని నిలబడేవాడు. లోపలికొచ్చి కూర్చునేవాడు కాదు.

"ఏం బావా, నీ నది ఇవాళ కూడా కిందికే పారుతోందా?"

"నీ పడవ ఇవాళ కూడా ఎక్కినవాళ్ళనే దించిందా?"

"దించింది. నీలాగ నీళ్ళు చూసి ఆవలించే ఉద్యోగం కాదుగా మాది."

ఈ మాటలే, అటూ ఇటూగా, రోజూ. ఆ తర్వాత ఇద్దరూ టీ తాగేవారు, నదివైపు చూస్తూ.

అలాంటి చోటికి ఓడమ్మాయి వచ్చింది. ఆ పేరు బావమరిది పెట్టిందే. ముప్ఫై దాటిన మనిషి. చంకలో చుట్టిన పటాలు, భుజాన టీ ఫ్లాస్కు, చేతిలో కొలత టేపు. ఒక కంపెనీ ఇరవైనలుగురు పట్టే ఓడ కట్టిస్తోందట. నది వెంట ఉన్న ఆరు పాత గుళ్ళు ఐదు రోజుల్లో చూపించే యాత్ర. ఆ యాత్రకి ఏ రోజు, ఏ గంట, ఏ రేవు అన్నది తేల్చడం ఈ అమ్మాయి పని.

ప్రయాణం వేరు, ప్రయాణం కట్టడం వేరు అని ఆ అమ్మాయి పని చూశాకే తెలిసింది. నేను ఎన్నో నదులు దాటాను గానీ, ఏనాడూ ఎండ ఏ గోడమీద ఎప్పుడు పడుతుందో ముందే చూసుకుని బయల్దేరలేదు. ఈవిడ పటం మీద ప్రతి గుడి పక్కనా చిన్న సూర్యుణ్ణి గీసి, టైము రాసింది. మొదటి గుడి పడమటి ముఖం, సాయంత్రం చూడాలి. రెండోది సగం నీళ్ళలో మునిగింది, ఓడలోంచే చూడాలి. మూడోది మన మెట్లపైది. దాని తూర్పుగోడ నిండా నాట్యం చేసే బొమ్మలు. ఏడుగంటల ఎండకి వాటి చేతులు కదిలినట్టుంటాయి, తొమ్మిదికల్లా మళ్ళీ రాళ్ళైపోతాయి.

"కాబట్టి ఓడ పొద్దున ఆరున్నరకి ఇక్కడ ఆగాలి బాబాయ్ గారూ. వచ్చేవాళ్ళంతా అరవై దాటినవాళ్ళే. అరవైనాలుగు మెట్లు ఎక్కగలరంటారా?"

"నేను రోజుకి మూడుసార్లు ఎక్కుతున్నాగా."

"మీరు ఎక్కుతారు. వాళ్ళు మధ్యలో కూర్చుంటారు. పదహారో మెట్టు దగ్గర ఒక బెంచీ, ముప్ఫైరెండు దగ్గర ఒకటి వేయిస్తాను. గుడి చూశాక ఎండెక్కేదాకా మీ ఆఫీసు వరండాలో కూర్చుంటారు. పన్నెండింటికి మీరు దిగి నీళ్ళు చూస్తారు కదా, అది అందరికీ చూపిద్దాం. మీరే చెప్పాలి, నది గురించి. ఓ పది నిమిషాలు."

"నేనా?"

"మీకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు?"

 మర్నాడు కొలబద్ద గడ్డం గీసుకుని కనిపించాడు. ఆ తర్వాత రోజూ గీసుకున్నాడు. ఒక మధ్యాహ్నం నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా నిలబడ్డాడు. ఉపన్యాసం సాధన చేయాలట.

"నమస్కారం. ఇది నది."

అక్కడ ఆగిపోయాడు.

"తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంది, వాళ్ళకి కనిపిస్తూనే ఉంటుంది కదండీ."

గుమ్మం దగ్గర బావమరిది పడీ పడీ నవ్వాడు. "బావా, నువ్వు ఇంతే చెప్పు చాలు. మిగతాది నా కొట్లో టీ తాగుతూ వింటారు." ఓడ ఆగితే రేవులో కొట్టు పెట్టాలని అతని ఊహ. పలకలు కూడా చూసుకున్నాడు. ఆ వారం రోజులూ వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నన్ని మాటలు అంతకుముందు నెలంతా వినలేదు నేను. ఏడాదికి పదిహేను రోజులే ఓడ వచ్చేది. కొలబద్ద మాత్రం మిగతా మూడువందల యాభై రోజులూ ఆ పదిహేను రోజుల కోసమే ఉన్నట్టు మాట్లాడేవాడు. "వాళ్ళలో ఎవరైనా మళ్ళీ ఏడు కూడా వస్తారంటారా?" అని రెండుసార్లు అడిగాడు నన్ను. నాలాంటి తిరుగుబోతుని అడగవలసిన ప్రశ్న కాదది.

అసలు చిక్కు బండతో. మెట్లకి ఎదురుగా నీళ్ళ అడుగున చాప పరిచినట్టు ఒక పెద్ద బండ ఉంది. రాతి స్తంభం మీది సున్నా సరిగ్గా ఆ బండ నెత్తికి సమానం. స్తంభం ఆరడుగులు చూపిస్తే బండ మీద ఆరడుగుల నీళ్ళున్నట్టు. ఓడకి అంతకు తగ్గకూడదు. నీళ్ళు మరీ పెరిగితే ఇంకో బాధ, రేవులో సుడి లేస్తుంది, ఓడని కట్టలేరు. కాబట్టి ఆరుకి తగ్గకుండా, తొమ్మిదికి పెరగకుండా, ఏ ఏడు చూసినా నమ్మదగ్గ పదిహేను రోజులు కావాలి. దాని కోసం ఆ అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని ముప్ఫై ఒక్క రిజిస్టర్లు తిరగేసింది. రోజూ పొద్దున పడవలో అవతలి నుంచి రావడం, సాయంత్రం పోవడం.

ఐదోరోజు మధ్యాహ్నం కుర్చీ వెనక్కి జరిపి నవ్వింది.

"దొరికాయి బాబాయ్ గారూ. పదిహేను రోజులు. తొమ్మిదేళ్ళ కిందట కరువొచ్చిందే, ఆ ఏడు మిగతా రోజులన్నీ నది చిక్కిపోయింది. ఈ పదిహేను రోజులు మాత్రం చూడండి, ఆరడుగుల ఎనిమిదంగుళాలు, ఏడున్నర, ఏడు, ఆరున్నర. రోజుకి అరంగుళం చొప్పున ఎంత బుద్ధిగా దిగిందో. అంత కరువులోనే ఇక్కడ నీళ్ళు నిలిచాయంటే ఇంక భయం లేదు. ఇవే ఖాయం చేసేస్తున్నా."

గుమ్మం దగ్గర బావమరిది టీ గ్లాసు కింద పెట్టాడు. కొలబద్ద గడియారం వైపు చూశాడు. టైము కాకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అమ్మాయి పటాలు చుట్టుకుని, తూర్పుగోడ ఇంకోసారి చూసొస్తానని గుడికి వెళ్ళింది.

ఆయన తిరిగొచ్చేదాకా బావమరిది అక్కడే నిలబడ్డాడు. వచ్చాక నన్ను చూసి కూడా ఆగలేదు.

"బావా, ఆ ఎనిమిదో రోజు అంకె ఎంత?"

"ఎందుకురా ఇప్పుడు?"

"చెప్పు."

"ఆరడుగుల నాలుగంగుళాలు."

"ఆ రోజు నా పడవ ఎక్కడుంది?"

కొలబద్ద ఆ రిజిస్టరు మూసి బీరువాలో పెట్టాడు.

"బండ మీద ఎండుతోంది. దాని కింద నీడకి పిల్లి పడుకునేది." గొంతు పెంచలేదు, మామూలుగానే అన్నాడు. "మిమ్మల్నిద్దరినీ అవతల దించి వచ్చాను. తెల్లారేసరికి పైన ఆనకట్ట తలుపులు దించేశారు. బండ బయటపడింది. నీళ్ళొస్తాయి, ఇవాళొస్తాయి, రేపొస్తాయని ఐదు రోజులు ఆ పడవ పక్కనే కూర్చున్నాను. ఆరోరోజు వంతెన దాకా నడక మొదలెట్టాను. అవతలి గట్టు పట్టుకుని వెనక్కొచ్చి ఆస్పత్రిలో అడుగుపెట్టేసరికి అక్క మంచం మీద దుప్పటి మార్చేస్తున్నారు. నీ పుస్తకంలో చూస్తే ఆరడుగుల నీళ్ళు. నీళ్ళుండి తమ్ముడు రాలేదనేగా అర్థం?"

"ఎవరు చదువుతార్రా దాన్ని?"

"ఇవాళ ఒకమ్మాయి చదివిందిగా."

కొలబద్ద కుర్చీలో కూర్చుని మోకాళ్ళు పట్టుకున్నాడు. అప్పుడు చెప్పాడు, మా ఇద్దరికీ కలిపి. పదకొండు రోజులు ఆయన ఇక్కడ లేడు. బదులు మనిషిని పంపమని పెద్దాఫీసుకి రాసినా ఎవరూ రాలేదు. పన్నెండో రోజు నీళ్ళు తిరిగొచ్చాక ఒంటరిగా ఈ గదిలోకి వచ్చేసరికి బల్లమీద రిజిస్టరు తెరిచి ఉంది. చివరి అంకె ఆవిడ చేతిరాత, ఆరడుగుల ఎనిమిది. దాని కింద ముప్ఫైమూడు ఖాళీ గళ్ళు. ఆ పూట కొలిస్తే ఆరడుగుల రెండు. రెంటికీ మధ్య రోజుకో అరంగుళం తగ్గించుకుంటూ నింపేశాడు. రిజిస్టరు మొదటి పేజీలో అచ్చువేసి ఉన్న నియమం ఒకటే: కంటితో చూడనిది రాయరాదు.

"ఆ ఖాళీ గళ్ళు చూడలేకపోయాను" అన్నాడు. "ఏదో ఒకటి రాస్తే ఆ రోజులు కూడా మామూలు రోజుల్లా అయిపోతాయనుకున్నాను."

అబద్ధాలు ఎన్నో రకాలు చూశాను. నేనూ కొన్ని దేశాల పొలిమేరల దగ్గర అవసరానికి చెప్పినవాణ్ణే. ఇంత పద్ధతిగా, అరంగుళం అరంగుళంగా చెప్పిన అబద్ధం మాత్రం ఇంకెక్కడా చూడలేదు. ఆ పద్ధతి చూసే ఓడమ్మాయి నమ్మింది.

"ఒక్క ఏడు అలా అయింది" అన్నాడు కొలబద్ద నేలవైపు చూస్తూ. "మళ్ళీ అవుతుందా? చెబితే ఓడ ఆగదురా. నీ కొట్టూ ఉండదు."

"కొట్టుదేముంది బావా. ఇరవైనలుగురు ముసలాళ్ళు బండ మీద కూర్చుంటే నా టీ చాలదు."

 అతను రేవులోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఆరింటి అంకె రాశాక కొలబద్ద ఆ పాత రిజిస్టరు బయటికి తీశాడు. ఎర్ర కలంతో ఒక్కో గడినీ అడ్డంగా కొట్టి, పక్కన "చూడలేదు" అని రాసి, పొట్టి సంతకం పెట్టాడు. ముప్ఫైమూడుసార్లు. నేను ఎదురు కుర్చీలో ఉన్నాను. మధ్యలో ఒకసారి ఆగి చేయి విదిలించుకున్నాడు. బావమరిది గుమ్మం దాటి లోపలికొచ్చి, బల్ల మీదికి వంగాడు.

"చూడలేదంటే ఎలా బావా? నేను చూశానుగా. బండ బయటపడిందని రాయి."

"నువ్వు చూసింది నేను రాయకూడదు."

"మరి నీ గళ్ళలో నువ్వు చూడనిది రాసినప్పుడో?"

"అందుకేగా కొట్టేస్తున్నాను."

 పేజీ చివర రిమార్కులకి ఒక సన్నని గడి ఉంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన దాన్ని వాడింది లేదు. కలం మార్చి, నల్లసిరాతో అందులో చిన్న అక్షరాలు కుక్కాడు. రాసింది నన్ను పైకి చదవమన్నాడు బావమరిది. చదివాను: "ఈ పదకొండు రోజులు నేను స్థలంలో లేను. నా భార్య ఆస్పత్రిలో ఉన్నది. నీళ్ళు సున్నాకి దిగువకు పోయి బండ బయటపడినట్టు, పడవ కదలనట్టు పడవమనిషి చెప్పాడు."

"పడవమనిషేంటి? తమ్ముడని రాయొచ్చుగా."

"రిజిస్టరులో చుట్టరికాలు రాయరురా."

"నా భార్య అని రాశావుగా మరి."

కొలబద్ద ఆలోచించాడు. "పడవమనిషి" అన్న మాట మీద ఒక చిన్న గుర్తు పెట్టి, పై అంచున "ఆమె తమ్ముడు" అని చేర్చాడు. సిరా ఆరేదాకా బావమరిది ఆ పేజీ మీద ఊదుతూనే ఉన్నాడు.

ఓడమ్మాయి వచ్చి చదివింది. కోప్పడుతుందనుకున్నాను. పటం విప్పి, మూడో గుడి పక్కన గీసిన సూర్యుణ్ణి రబ్బరుతో చెరిపింది. ఆ పదిహేను రోజులూ వదిలేస్తే మిగిలేది నీళ్ళు నిండుగా ఉండే కాలమే. అప్పుడు బండ భయం లేదు, కానీ రేవులో కట్టలేరు. ఓడ అవతలి పాయలోంచి పోవాలి.

"దూరం నుంచి చూపిస్తాం బాబాయ్ గారూ. ఆగడం కుదరదు."

"తెలుసమ్మా."

"మీరు చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు."

"వీడికి తెలుసుగా" అన్నాడు బావమరిదిని చూపించి.

అమ్మాయి అతని వైపు తిరిగింది. ఈ బండలన్నీ నీకు తెలుసా మావయ్యా అని అడిగింది. ఇరవై మైళ్ళ మేర ప్రతి బండా తెలుసన్నాడు. ఆ పూటే అతనికి ఓడలో దారి చూపించే పని ఖాయమైంది. సీజనంతా ఓడలోనే పడక, భోజనం. పడవని అవతలి రేవు మనిషికి అప్పగించాడు. వెళ్ళేరోజు గుమ్మం దగ్గర నిలబడి, "నేను లేనని నది పైకి పారనిచ్చేవు, చూసుకో" అన్నాడు.  ఆ మధ్యాహ్నం కొలబద్ద రెండు గ్లాసుల్లో టీ పోసి, ఒకటి నాకిచ్చాడు. నేను లోపలే కూర్చుని తాగాను. ఎదురు జవాబులు నాకు చేతకాలేదు. నాలుగు రోజులకి నేనూ సంచీ సర్దుకున్నాను. ఉండమని ఆయన అడగలేదు, అడిగితే ఉండేవాణ్ణని కూడా చెప్పలేను.

నీళ్ళు పెరిగాక ఓడ మొదటి యాత్రలో నాకూ ఒక చోటిచ్చారు, గుళ్ళ గురించి నాలుగు ముక్కలు చెబుతానని. మూడో రోజు పొద్దున పది దాటాక మలుపు తిరిగాం. గుడి ఎత్తుగా, చిన్నగా కనిపించింది. తూర్పుగోడ బొమ్మలు అంత దూరానికి గరుకు రాయిలా ఉన్నాయి. ముప్ఫై మెట్ల దాకా నీళ్ళలో ఉన్నాయి. నీళ్ళు తాకే మెట్టు మీద ఒక పొట్టి మనిషి నిలబడ్డాడు. ఆరింటి లెక్క అయిపోయింది, పన్నెండింటిది ఇంకా కాలేదు. ఆ వేళప్పుడు ఆయనకి అక్కడ పనేమీ లేదు.

మమ్మల్ని చూసి రెండు చేతులూ పైకెత్తి పది వేళ్ళూ విప్పాడు. ముడిచి, మళ్ళీ నాలుగు విప్పాడు. పిడికిలి బిగించాడు. తర్వాత రెండు.

నా పక్కనున్న పెద్దావిడ, "పాపం, ఎంత ఆప్యాయంగా ఊపుతున్నాడో" అంది. రెయిలింగు దగ్గర ఉన్నవాళ్ళందరూ చేతులూపారు. ఎవరో రుమాలు తీశారు. కొలబద్ద కంగారుపడి మళ్ళీ మొదట్నుంచి చూపించాడు, పది, నాలుగు, పిడికిలి, రెండు. వీళ్ళు ఇంకా హుషారుగా ఊపారు.

ముందుభాగంలో నిలబడ్డ బావమరిది వెనక్కి తిరక్కుండానే, "పద్నాలుగడుగుల రెండంగుళాలు. కొంచెం ఎడంగా పోనీ" అని చుక్కాని మనిషికి చెప్పాడు. ఓడ ఒడ్డుకి ఇంకాస్త దూరం జరిగింది.